ముక్కు చూశావా?

ఒకేలా కనిపించే రెండింటిని విడదీసి చెప్పాలంటే కళ్ళు బాగా ఉండాలని అనుకుంటాం. కళ్ళద్దాలు లేనివాళ్ళు కూడా రోజూ బోల్తా పడుతూనే ఉంటారు. అసలు కావలసింది వరస. ఏ ప్రశ్న ముందు అడగాలి, దేన్ని ఆఖరికి వాయిదా వేయాలి అన్నది తెలియాలి. ఈ అధ్యాయంలో ఆ వరసను రెండు పిట్టల మీద సాధన చేద్దాం. పిట్టలే ఎందుకంటే, వాటి విషయంలో తప్పు చెప్పినా ఉద్యోగం పోదు, చుట్టరికం చెడదు. ఎన్నిసార్లయినా తప్పు చేస్తూ నేర్చుకోవడానికి ఇంత చవకైన బడి ఇంకోటి లేదు.

రెండూ ఈల వేసే పిట్టలే. ఒకదాని పేరు మలబార్ విజిలింగ్ థ్రష్. రెండోది బ్లూ విజిలింగ్ థ్రష్. ప్రతిసారీ ఇంత పొడుగు పేర్లు ఎందుకు గానీ, మొదటిదాన్ని మలబారు పిట్ట అనీ, రెండోదాన్ని హిమాలయ పిట్ట అనీ అందాం. రెండోది ఒక్క హిమాలయాల్లోనే ఉండదు. ఆ చిక్కు సంగతి కాస్త ఆగాక చెబుతాను.

ముందు పోలికలు. రెండూ దూరానికి నల్లగా ఉంటాయి, ఎండ పడితే నీలం మెరుస్తుంది. రెండూ కొండవాగుల వెంట, తడిసిన బండల మీద తిరుగుతాయి. తోక విప్పుతూ మూస్తూ గెంతుతాయి. నత్తల్ని, పీతల్ని, పురుగుల్ని, వానపాముల్ని తింటాయి, పళ్ళు దొరికితే వాటినీ వదలవు. నీటి పక్కన బండ అరుగుల మీద నాచు, వేళ్ళు, మట్టి కలిపి గూడు కడతాయి. ఒక్కోసారి మనుషుల ఇళ్ళ చూరుల్లోనూ కడతాయి. రెండూ తెల్లవారకముందే, ఇంకా చీకటి ఉండగానే, అచ్చం మనిషి వేసినట్టు ఈల వేస్తాయి.

ఈ జాబితాను మళ్ళీ ఒకసారి చదవండి. కంటికి మొదట తగిలేవి, ఇంటికి వచ్చి నలుగురికీ చెప్పుకునేవి అన్నీ ఇందులోనే ఉన్నాయి. అన్నీ రెండింటికీ ఉన్నవే. రెండింటిలోనూ ఉన్న గుర్తు రెండింటినీ ఎలా విడదీస్తుంది? మనల్ని కట్టిపడేసేది చాలాసార్లు ఆ ఉమ్మడి గుర్తే. తేడా ఎక్కడో మెరుపు లేని చోట, ఎవరూ చూడని మూల ఉంటుంది.

ఇది మామూలు మనుషులకే వచ్చే ఇబ్బంది కాదు. ఈ పిట్టల ఒడ్డూ పొడుగూ పాటా చూసి శాస్త్రవేత్తలు చాలాకాలం వీటిని థ్రష్‌ల కుటుంబంలోనే వేశారు. తరవాత డీఎన్ఏ పరీక్షలు చేస్తే ఇవి ఈగపిట్టల కుటుంబానికి, అంటే ఫ్లైక్యాచర్ల వర్గానికి చెందినవని తేలింది. ఇంటిపేరు మారింది గానీ వాడుక పేరులో థ్రష్ అలాగే ఉండిపోయింది. పెద్దవాళ్ళే పైపై పోలికకు పడిపోయారంటే, పడినందుకు మీరేం సిగ్గుపడనక్కర్లేదు.

మా అన్నయ్య కొడుకు ఒక ఏడు అయ్యప్ప మాల వేసుకుని శబరిమల వెళ్ళి వచ్చాడు. పంపానది ఒడ్డున చూసిన పిట్ట గురించి చాలాకాలం చెబుతూనే ఉన్నాడు. మరుసటి వేసవిలో అందరం కేదారనాథ్ బయలుదేరాం. గౌరీకుండ్ దాటి నడుస్తుంటే కింద మందాకిని హోరు. నీటి మధ్యలో బండ మీద నల్లటి పిట్ట ఒకటి నత్తను ముక్కున కరిచి రాయికేసి కొడుతోంది. కొట్టడం, ఆగడం, పెంకు పట్టు మార్చుకుని మళ్ళీ కొట్టడం. పెంకు పగిలాక మెత్తటి కండను లాగి, తలొకసారి విదిలించి మింగింది. అంతసేపు అది మా కళ్ళెదుటే ఉంది.

"బాబాయ్, పంపలో చూశానన్నానే, ఇదే. నీళ్ళ పక్కన, నల్లగా, నీలం మెరుస్తా. ఇదే పిట్ట!"

"ముక్కు చూశావురా?"

"ముక్కుదేముంది బాబాయ్, ఆ రంగు చూడు ముందు!"

నత్తను కొట్టిందే ఆ ముక్కుతో. పసుపు పచ్చగా ఉన్న ముక్కు. పంప దగ్గరి పిట్టకు ఉండేది నల్ల ముక్కు. కుర్రవాడి చూపులో లోపం లేదు, నాకన్నా బాగా చూడగలడు. నీలం కనబడగానే తీర్పు చెప్పేశాడు. తీర్పు చెప్పాక ఇంకెవరైనా సాక్షుల్ని పిలుస్తారా?

అందుకని రంగును పక్కన పెట్టి, మొదటి ప్రశ్న చోటు గురించి అడగండి. బియ్యం వ్యాపారంలో ముదిరినవాళ్ళను గమనించారా? గుప్పిట్లో గింజలు పోసి ఇది బీపీటీనా కాదా అని అడిగితే, గింజ వైపు చూడకుండా "ఏ ఊరి సరుకు?" అంటారు. సగం జవాబు అక్కడే వచ్చేస్తుంది. పిట్టల్లోనూ అంతే. మలబారు పిట్ట మన ద్వీపకల్పం కొండల్లోనే ఉంటుంది. పశ్చిమ కనుమలు దాని అసలు ఇల్లు. అక్కడి నుంచి సాత్పూరా కొండల్లో పచ్‌మఢీ దాకా, అరావళిలో మౌంట్ ఆబూ దాకా, ఇటు తూర్పు కనుమల్లో ఒడిశా, మన విశాఖ మన్యం కొండల దాకా అక్కడక్కడా ఉంది. హిమాలయ పిట్ట అఫ్ఘానిస్తాన్ వైపు నుంచి హిమాలయాల వెంట చైనాకు, అక్కడి నుంచి ఆగ్నేయాసియా మీదుగా సుమత్రా, జావాల దాకా పరుచుకుని ఉంది. వేసవిలో పైకి వెళ్తుంది, చలికాలంలో కొండల పాదాల దగ్గరికి, ఆ పక్క మైదానాలకు దిగుతుంది. మన దేశం వరకు రెండింటి మధ్యా గంగా మైదానం అడ్డంగా పడుకుని ఉంది. అనంతగిరి కాఫీ తోటల్లో ఈల వినబడితే మలబారు పిట్టేమో అనుకోవడానికీ, నైనితాల్‌లో వినబడితే హిమాలయ పిట్టేమో అనుకోవడానికీ గట్టి కారణమే ఉంది.

అయితే "ఏమో" దగ్గర ఆగండి. చోటు చెప్పేది అంచనా. చూసింది వేరు. పిట్టలకు రెక్కలున్నాయి, రాకూడని చోటికి అప్పుడప్పుడూ వస్తాయి. ఊరి పేరు వినగానే మనసు జవాబు రాసేసుకుని, కంటికి కనబడనివి కూడా కనబడ్డట్టు చెబుతుంది. ముక్కు కనబడకపోయినా "నల్లగానే ఉంది" అంటాం, ఎందుకంటే ఈ చోట నల్లగా ఉండాలి కనుక. నోటు పుస్తకంలో ఊహించింది ఒక వైపు, చూసింది ఇంకో వైపు రాసుకోమనేది అందుకే. మధ్యలో గీత గీయండి.

రెండో ప్రశ్న పరిమాణం. సెంటీమీటర్లలో అంచనా కట్టకండి, అది ఎవరి వల్లా కాదు. సలీం అలీ 1941లో వెలువరించిన భారతీయ పక్షుల పుస్తకంలో దీనికి మంచి దారి వేశారు. పిచ్చుక, బుల్‌బుల్, గోరింక, కాకి, గద్ద లాంటి రోజూ చూసే పిట్టల్నే కొలబద్దలుగా పెట్టి, దానికన్నా పెద్దదా చిన్నదా అని చెప్పారు. నన్నడిగితే ఆ పుస్తకంలో బొమ్మలకన్నా ఇదే ఎక్కువ పనికొచ్చే సంగతి. మలబారు పిట్ట సుమారు 25 సెంటీమీటర్లు, అంటే గోరింక కన్నా పిసరు పెద్దది. హిమాలయ పిట్ట 31 నుంచి 35 సెంటీమీటర్లు, పొడవులో పావురానికి దగ్గర. పావురమంత బొద్దుగా మాత్రం ఉండదు. గోరింకంతా, పావురమంతా? ఈ ఒక్క ప్రశ్నకే చాలాసార్లు తేలిపోతుంది. దూరపు బండ మీద ఒంటరిగా ఉన్న పిట్ట మాత్రం పరిమాణంలో మోసం చేస్తుంది. పక్కన కాకో గోరింకో వాలేదాకా ఓపిక పట్టండి. వాలకపోతే "పరిమాణం తెలియదు" అని రాయండి. అలా రాయడం చేతకాకే చాలామంది చెడిపోతారు.

ఇక ముక్కు. హిమాలయ పిట్టది పసుపు ముక్కు, పైగట్టు మాత్రం నల్లగా ఉంటుంది. మలబారు పిట్టది పూర్తిగా నలుపు. కాళ్ళు రెండింటికీ నలుపే కనుక కాళ్ళ జోలికి పోకండి. మబ్బు పట్టినప్పుడూ, చెట్టు నీడలోనూ, నీలం పూర్తిగా చచ్చిపోయినప్పుడూ పసుపు ముక్కు మాత్రం కనబడుతూనే ఉంటుంది. ఇంతకన్నా నమ్మకమైన గుర్తు లేదనిపిస్తుంది.

కాస్త ఆగండి. ఇందాక వాయిదా వేసిన చిక్కు ఇదే. ఉద్యోగం మీద హాంకాంగ్ వెళ్ళిన మనవాళ్ళు అక్కడి వాగుల దగ్గర ఇదే హిమాలయ పిట్టను చూస్తారు. దాని ముక్కు నలుపు! చైనా మధ్య భాగంలో, తూర్పున ఉండే ఈ జాతి పిట్టలకు ముక్కు నల్లగానే ఉంటుంది. పసుపు ముక్కు హిమాలయాల్లోనూ ఆగ్నేయాసియాలోనూ ఉండే ఉపజాతులది. ఇంకా తమాషా ఏమిటంటే 1786లో స్కోపోలీ ఈ జాతికి పేరు పెట్టింది నల్ల ముక్కు చైనా పిట్టను బట్టే. మన పసుపు ముక్కుదానికి లండన్‌లో నికొలాస్ విగర్స్ 1832లో పేరు పెట్టాడు. అంతకు ముందేడు మలబారు పిట్టకు పేరు పెట్టిందీ ఆయనే.

అంటే నమ్మకమైన గుర్తుకు కూడా సరిహద్దు ఉంది. భారతదేశంలో ఈ రెండింటి మధ్య ముక్కు తేలుస్తుంది. హాంకాంగ్‌లో తేల్చదు. జావాకు వెళ్తే చోటు కూడా తేల్చదు, అక్కడ ఈ పిట్టతోపాటు జావా సొంత ఈలపిట్ట ఇంకోటి ఉంది. ఏ గుర్తునైనా నేర్చుకునేటప్పుడు అది ఎక్కడ, ఏ రెండింటి మధ్య పనిచేస్తుందో కూడా కలిపి నేర్చుకోవాలి. గైడు పుస్తకాల్లో ఈ షరతు చిన్న అక్షరాల్లో ఉంటుంది. కొత్తవాళ్ళు చదవరు, పాతవాళ్ళు మరిచిపోతారు.

ఇప్పుడు నీలం దగ్గరికి వద్దాం. అందరూ మొదలుపెట్టే చోటికి మనం నాలుగో మెట్టు మీద వచ్చాం. ఇక్కడ అడగాల్సింది "నీలం ఉందా?" అని కాదు, "నీలం ఎక్కడుంది?" అని. మలబారు పిట్టకు నుదుటి మీద ఒక నీలి మచ్చ, రెండు భుజాల మీదా నీలి మచ్చలు. మెరుపంతా అక్కడే. రెక్కల్లో, తోకలో కొంత ముదురు నీలం ఉన్నా మిగతా ఒళ్ళు మసి పూసినట్టే ఉంటుంది. హిమాలయ పిట్టకు అలా ఒక చోట పోగై ఉండదు. తల, వీపు, రొమ్ము అంతటా ఈకల కొసలకు లేత నీలి చుక్కలు, నీళ్ళు చిలకరించి తుడవనట్టు.

ఈ నీలం రంగు పదార్థం కాదు. ఈక లోపలి సూక్ష్మమైన అమరికకు వెలుతురు తగిలి వెనక్కి రావడంలో పుట్టేది. అందుకే సూర్యుడు మీ వెనక ఉండి, పిట్ట మీకు సరైన కోణంలో తిరిగితే నుదురు ఒక్కసారి దీపం వెలిగించినట్టవుతుంది. అది తల రెండంగుళాలు తిప్పగానే అంతా నలుపు. అనంతగిరి దగ్గర సిల్వర్ ఓక్ నీడలో నేను చూసిన మలబారు పిట్టకు చాలాసేపు నీలమే లేదు. మిరియం తీగ పక్కకు కదిలి ఎండ చార ఒకటి పడ్డప్పుడు భుజం మాత్రం అగ్గిపుల్ల గీసినంతసేపు వెలిగింది. ఆ క్షణం ఫోను తీసేలోపు పోతుంది, తీసినా ఫొటోలో నల్ల మరకే పడుతుంది. చిన్న పిట్టలతో ఇంకో గోల. మలబారు పిల్లలు కొంచెం గోధుమ రంగులో ఉంటాయి, నుదుటి మచ్చ ఇంకా రాదు. మచ్చ కనబడలేదన్నంత మాత్రాన అది మలబారు పిట్ట కాదని కొట్టేయకండి. నీలం కనబడితే సాక్ష్యం. కనబడకపోతే అది ఏమీ చెప్పలేదనే అర్థం.

ఈలను ఆఖరున పెట్టాను. చాలామందికి ఇది నచ్చదు, వాళ్ళు వెళ్ళేదే ఈల కోసం. మలబారు పిట్ట ఈల నిదానంగా, గమ్యం లేకుండా, పైకీ కిందికీ తిరుగుతూ పోతుంది. అందుకే ఇంగ్లీషు వాళ్ళు దాన్ని ఈల వేసుకుంటూ పోయే బడిపిల్లాడన్నారు. వానాకాలంలో, పిల్లల్ని పెట్టే రోజుల్లో ఎక్కువగా వినబడుతుంది. మాల వేసుకుని మార్గశిరంలో వెళ్ళేవారికి ఆ పాట దక్కడం కష్టమే. చార్‌ధామ్‌కు వేసవిలో వెళ్ళేవారికి అదృష్టం ఎక్కువ, హిమాలయ పిట్ట జతకట్టేది ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా. దాని పాట గట్టిది. ఈలల మధ్యలో సన్నటి గీకుడు స్వరాలు దొర్లుతాయి. బెదిరితే మాత్రం ఒకే ఒక్క పదునైన కేక వేస్తుంది, మందాకిని హోరులోనూ అది చెవిలో గుచ్చుకుంటుంది. ప్రవాహపు రొదలో బరువైన స్వరాలే ఎక్కువ కాబట్టి, అంత ఎత్తు స్వరమైతేనే దాన్ని చీల్చుకుని వినబడుతుంది.

మసూరీలో ఉండే రస్కిన్ బాండ్ ఈ పిట్ట గురించి ఒక కొండ కథ రాశాడు. నిద్రపోతున్న కృష్ణుడి వేణువును ఒక కుర్రాడు ఎత్తుకుపోతే, కృష్ణుడు వాణ్ణి పిట్టను చేశాడట. వాడికి ఆ పాట ముక్కలు ముక్కలుగానే వచ్చు, అందుకే మధ్యలో మరిచిపోయి ఆగుతుంటాడు. కథ మాట ఎలా ఉన్నా, పని నేర్చుకునేవాడికి ఇందులో ఒక సూచన ఉంది. ఈ పాటల్ని బాణీగా గుర్తుపెట్టుకోబోకండి. రేపు వేరేలా పాడుతుంది. వేగం ఎలా ఉంది, మధ్యలో గరుకు ఉందా అన్నవే పట్టుకోండి.

ఫోన్లో మెర్లిన్ యాప్ పెడితే పిట్ట పేరు చెప్పేస్తుంది కదా అంటారు. చెబుతుంది. నేనూ వాడతాను. మీరు రాసుకున్నాక వాడండి, ముందు వాడకండి. పేరు ముందే చెవిన పడితే ఇక మీరు చూసేదంతా ఆ పేరుకు వత్తాసు పలుకుతుంది. పుస్తకం తెరవడమూ అంతే. రాసేటప్పుడు చోటు, వేళ, వెలుతురు ఎటు నుంచి పడుతోంది, దేనంత ఉంది, ముక్కు, నీలం ఉన్న చోటు, అది చేస్తున్న పని, ఇవన్నీ రాయండి. దానికన్నా ముఖ్యం, కనబడనివి కూడా కనబడలేదని రాయండి. ఖాళీని ఖాళీగా వదలడం అందరికీ రాదు. ఈబర్డ్‌లో పిట్టల లెక్క నమోదు చేసేటప్పుడు జాతి తేలకపోతే "విజిలింగ్ థ్రష్, ఏదో తేలలేదు" అన్నట్టు రాసే వీలు ఉంటుంది. కొత్తవాళ్ళు దాన్ని ఓటమిగా చూస్తారు. అనుభవం ఉన్నవాళ్ళ జాబితాల్లో అలాంటి నమోదులు మామూలే.

ఇదే వరసను ఇంట్లో ఒకసారి వాడి చూడండి. రెండు ఆరోగ్య బీమా పాలసీలు ముందు పెట్టుకున్నారనుకోండి. కరపత్రం మీద పెద్ద అక్షరాల్లో ఉన్న 10 లక్షల కవరేజీ రెండింటికీ ఉంది, నగదు లేని చికిత్స రెండింటికీ ఉంది, నవ్వుతున్న కుటుంబం బొమ్మ కూడా రెండింటి మీదా ఉంది. వాటిని వదిలేయండి. మీ ఊళ్ళో, మీరు నిజంగా వెళ్ళే ఆసుపత్రి ఎవరి జాబితాలో ఉంది? ఇది చోటు ప్రశ్న. గది అద్దెకు పరిమితి ఉందా? ఉంటే, ఖరీదైన గది తీసుకున్నప్పుడు అద్దె తేడాతో సరిపోదు, మిగతా బిల్లులో కూడా కొన్ని ఖర్చుల్ని అదే నిష్పత్తిలో కోస్తారు. ఉన్న జబ్బులకు ఎన్నాళ్ళు ఆగాలి? బిల్లులో మీ వాటా ఎంత? ఏజెంటు ఇవేవీ ముందుగా చెప్పడు, మీరే అడగాలి. ప్రీమియం ఆఖరున చూడండి.

రెండు పిట్టలూ వచ్చేశాయనిపిస్తే శ్రీలంకలో మూడోది ఉంది. నువారా ఎలియా వెళ్ళేవారు హార్టన్ ప్లెయిన్స్ కొండల్లో ప్రయత్నించవచ్చు. చాలా అరుదు, అంతరించే ప్రమాదంలో ఉంది, ఆ దీవి దాటి ఎక్కడా లేదు. సుమారు 20 సెంటీమీటర్లే ఉంటుంది, అంటే గోరింక కన్నా చిన్నది. మనం ఇప్పటిదాకా చూసిన రెండింటిలోనూ ఆడా మగా ఒకేలా ఉంటాయి కనుక ఆ ప్రశ్న అడగలేదు. శ్రీలంక పిట్టలో మగది నీలం కలిసిన నలుపు, ఆడది గోధుమ రంగు, భుజం మీద నీలి మచ్చ మాత్రం రెండింటికీ ఉంటుంది. తెల్లవారుజామునో పొద్దుగూకే వేళో దట్టమైన చెట్ల కింద వాగు పక్కన నిలబడాలి. పుస్తకంలో గీతకు రెండు వైపులా ఆడ, మగ అని ఇంకో గడి చేర్చుకుని వెళ్ళండి.